వెళ్లేముందు అమ్మతో ఒక ఒప్పందం

చిరంజీవి సింధుకు,

పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. నువ్వు ఉద్యోగం మానేసి రెండు మూడేళ్లు దేశాలు తిరగబోతున్నావని, తిరిగి వచ్చే తేదీ ఏదీ అనుకోలేదని మీ అమ్మ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె గొంతులో భయమే ఉంది. నాకు భయంతోపాటు గర్వం కూడా కలిగింది. మన ఇంట్లో ఆడపిల్ల ఊరు దాటాలంటే ఉద్యోగమో పెళ్లో కారణం కావలసి వచ్చేది. చూడాలని ఉంది కాబట్టి వెళ్తాను అన్న మొదటి పిల్లవు నువ్వే. వెళ్లవద్దని నేను అనను. పెళ్లి మాట ఈ ఉత్తరంలో ఎత్తను.

నువ్వు రాసుకున్న ప్రణాళిక మీ అమ్మ నాకు పంపింది, రెండుసార్లు చదివాను. వియత్నాంలో ఏం చూడాలో, ఉజ్బెకిస్తాన్ నుంచి జార్జియాకు ఎలా వెళ్లాలో, పెరూకు ఏ నెలలో చేరాలో అన్నీ ఉన్నాయి. నీకు ఒంట్లో బాగాలేకపోతే ఏం చేస్తావో, ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే ఎలా వస్తావో ఒక్క వాక్యం కూడా లేదు. బతుకంతా నర్సుగా పనిచేసినదాన్ని, నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

అందరూ చెప్పేవి తొందరగా చెప్పేస్తాను. సామాను తగ్గించుకో. పళ్లు, కళ్లు చూపించుకుని బయలుదేరు. రెండు బ్యాంకుల కార్డులు వేర్వేరు సంచుల్లో పెట్టుకో, విదేశాల్లో పనిచేసేలా ఇక్కడే తెరిపించుకో. మన ఫోన్ నంబరుకు రీచార్జి ఆపకు. ఓటీపీ రాకపోతే ఖాతాలో లక్షలున్నా అందవు. వెళ్లిన ప్రతి దేశంలో మన రాయబార కార్యాలయం ఎక్కడుందో, ఫోన్ నంబరు ఏమిటో కాగితం మీద రాసి పెట్టుకో.

ఇక పాస్‌పోర్టు. గడువు నాలుగేళ్ల కన్నా తక్కువ ఉంటే ఇప్పుడే కొత్తది ఇస్తారేమో కనుక్కో, 60 పేజీల పుస్తకం అడుగు. చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు ఉంటేగాని రానివ్వవు. నీ దాంట్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో చూడు. మనవాళ్లు ఇంటిపేరును పొడి అక్షరంగా పెట్టి వదిలేస్తారు. ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టులతో టూరిస్టు వీసా మీద వచ్చేవాళ్లను 2022 నవంబరు నుంచి దుబాయి వాళ్లు వెనక్కి పంపుతున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకు. మోటారు సైకిల్ అద్దెకిచ్చేవాడు తాకట్టుగా అడుగుతాడు, బస యజమాని వెళ్లేటప్పుడు ఇస్తానంటాడు. డబ్బు కట్టు, నకలు ఇవ్వు, పాస్‌పోర్టు మాత్రం ఇవ్వకు. ఈ విషయంలో నేను మరీ పట్టుదలగా ఉన్నానని నీకు అనిపిస్తుంది. ఎందుకో చెబుతాను. మీ అమ్మ నీకు ఇది ఎప్పుడూ చెప్పి ఉండదు.

1986లో నేను సౌదీలోని జెద్దాలో ఒక ఆస్పత్రిలో చేరాను. చేరిన రోజే పాస్‌పోర్టు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టారు. అప్పట్లో అక్కడ పనిచేసే చాలామంది పరిస్థితి అదే. సెలవు మీద ఇంటికి రావాలన్నా యజమాని ఒప్పుకోవాలి, దేశం దాటడానికి, మళ్లీ లోపలికి రావడానికి వీసా కొట్టించాలి. మన ఇంట్లో ఫోన్ లేదు. ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. మీ తాతయ్య ప్రతి నెలా తప్పకుండా రాసేవారు. ధాన్యం ధర దగ్గర మొదలుపెట్టి, వేళకు తింటున్నావా అన్న ప్రశ్నతో ముగించేవారు.

రెండో ఏడు ఉత్తరాల్లో దస్తూరి మారింది. ‘నాన్నకు కంట్లో శుక్లాలు తీశారు, కొన్నాళ్లు రాయవద్దన్నారు, ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను’ అని మీ అమ్మ రాసింది. నేను నమ్మాను. నిజానికి ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. దూరాన ఒంటరిగా ఉన్న పిల్ల తట్టుకోలేదని, కాంట్రాక్టు మధ్యలో వస్తే ఉద్యోగం పోతుందని పెద్దవాళ్లు కూర్చుని నిర్ణయించారు. ఇంటర్ చదువుతున్న మీ అమ్మ చేత ఆయన మాటల్లా రాయించారు. ధాన్యం ధరా ఉండేది, వేళకు తింటున్నావా అనీ ఉండేది.

ఆయన అయిదు నెలలు మంచంలో ఉన్నారు. పక్షవాతం వచ్చినవాళ్లను రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టడం, ఒళ్లు ఒరుసుకుపోకుండా చూడడం, పొలమారకుండా తినిపించడం నేను రోజూ చేసే పని. ఆ అయిదు నెలలూ నేను జెద్దాలో ఎవరెవరి తండ్రులకో ఆ సేవ చేశాను. మా నాన్నకు వీపు మీద పుండ్లు పడ్డాయట.

పోయిన సంగతి కూడా నాకు రాయలేదు. సెలవుకు ఎలాగూ వస్తుంది కదా, అప్పుడే చెబుదామనుకున్నారు. ఒక శుక్రవారం బలద్ బజారులో మన పక్క ఊరాయన ఎదురుపడి, ‘నాన్నగారి పెద్దకర్మకు కూడా వెళ్లలేకపోయారట, విని బాధపడ్డానమ్మా’ అన్నాడు. నాకు తెలుసనుకుని అన్నాడు పాపం. ఆ తర్వాత వీసా, పాస్‌పోర్టు నా చేతికి రావడానికి మరికొన్ని వారాలు పట్టింది. నేను ఇల్లు చేరేసరికి ఆయన పడుకున్న మంచం కూడా ఎవరికో ఇచ్చేశారు.

ఎవరూ చెడు తలచి చేయలేదు, ప్రేమతోనే చేశారు. అయినా అది పెద్ద తప్పు. నా తండ్రి జబ్బు నాకు ఎప్పుడు తెలియాలో నిర్ణయించే హక్కు వాళ్లకు లేదు. మీ అమ్మను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. అప్పుడామెకు పదిహేడేళ్లు, చెప్పినట్టు రాసింది. ఇప్పటికీ ఆ ఉత్తరాల మాట వస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

అయితే సింధూ, ఆమె మళ్లీ అదే పని చేస్తుంది. మీ నాన్నకు గుండెకు స్టెంటు వేసినప్పుడు నీకు ఎప్పుడు చెప్పారు? ఇంటికి తీసుకొచ్చాక. నువ్వు హైదరాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లారేలోపు ఏలూరులో దిగుతావు, అయినా చెప్పలేదు. పెరూలో ఉంటే చెబుతారా? నువ్వూ తక్కువదానివి కాదు. హాస్టల్లో డెంగీ జ్వరంతో పడి ఉండి, ఫోనులో జలుబన్నావు. ఒకరినొకరు కాపాడుకోవాలని అబద్ధం చెప్పుకునే ఇల్లు మనది. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఎలాగో గడిచిపోయింది. సముద్రాల అవతలకు వెళ్లాక గడవదు.

అందుకే వెళ్లేముందు మీ అమ్మతో, నాన్నతో ఒక ఒప్పందం చేసుకో. ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సినంత జబ్బు ఎవరికి వచ్చినా ఆ రోజే అవతలివాళ్లకు తెలియాలి. రావాలా వద్దా అన్నది విన్నవాళ్లే నిర్ణయించుకోవాలి. మీ అమ్మకు నోరు రాకపోతే నాకు చెప్పమను, నేను నీకు చెబుతాను, దాచను. రెండు లక్షలు విడిగా ఒక ఖాతాలో వేసి, తిరుగు టికెట్‌కు తప్ప దేనికీ ముట్టనని నాకు మాటివ్వు. మీ నాన్న ఆరోగ్య బీమా గడువు చూడు. ఆయన మందుల చీటీలు, రిపోర్టులు ఫోటో తీసి నీ దగ్గర ఒక ప్రతి ఉంచుకో. ఏ దేశంలో ఉన్నా ఇక్కడి డాక్టరుతో మాట్లాడగలగాలి.

ఇప్పుడు వీసాల సంగతి. తేదీ లేని ప్రయాణం యూరప్ పిల్లలకు సులువు, మన పాస్‌పోర్టుకు కాదు. జార్జియాలో తిరుగుతూ అక్కడి నుంచే యూరప్‌లోని 29 దేశాలకు పనికొచ్చే షెంజెన్ వీసాకు దరఖాస్తు పెడతానని రాసుకున్నావు. సాధారణంగా వాళ్లు నువ్వు చట్టప్రకారం నివసించే దేశంలోనే దరఖాస్తు తీసుకుంటారు. పర్యాటకురాలిగా ఉన్న చోట తీసుకుంటారని నమ్ముకుని వెళ్లకు. ప్రయాణానికి ఆరు నెలల ముందే హైదరాబాదులో పెట్టవచ్చు. ఇచ్చినా, ఏ 180 రోజుల్లో చూసినా ఆ 29 దేశాల్లో కలిపి 90 రోజులకు మించి ఉండకూడదు. కాబట్టి ఆసియా తిరిగి ఇంటికి రా. నెల రోజులుండి యూరప్ కాగితాలు సిద్ధం చేసుకుని మళ్లీ బయలుదేరు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాలకు కూడా అంతే. దీనివల్ల నిన్ను ఏడాదికోసారి చూస్తామన్న ఆశ నాకు లేదని అనను. కానీ వీసాల లెక్కలోనూ అదే సరైన దారి. ముందుకు వెళ్లే టికెట్ చూపించకపోతే విమానం ఎక్కించని సందర్భాలు ఉంటాయి, దానికీ సిద్ధంగా ఉండు.

డబ్బు అయిపోతే దారిలో ఏదో పని చేస్తానన్నావట. జెద్దాలో హజ్ నెలల్లో మా వార్డు ప్రపంచంలా ఉండేది. ఇండోనేషియా అవ్వలు, తుర్కీ తాతలు, ఉత్తర నైజీరియా నుంచి వచ్చిన హౌసా స్త్రీలు. వాళ్ల ముందు తరాల వాళ్లు కాలినడకన బయలుదేరేవారని అక్కడే విన్నాను. సహారాకు దక్షిణంగా చాద్, సూడాన్ మీదుగా నడిచి, సూడాన్‌లోని గెజిరా ప్రాంతపు పత్తి చేలలో కూలి చేసుకుని, ఎర్రసముద్రం దాటి మక్కా చేరడానికి కొందరికి ఏళ్లు పట్టేదట. కొందరు సూడాన్‌లోనే ఉండిపోయారు, అక్కడే పిల్లల్ని కన్నారు. ఆ కథలు వింటూ రాత్రి డ్యూటీలు ఎంత తేలికగా గడిచేవో! నీ ప్రయాణం గురించి వినగానే నాకు ముందు వాళ్లే గుర్తొచ్చారు. కానీ ఆ రోజులు పోయాయి. టూరిస్టు వీసా మీద పని చేస్తే దేశం నుంచి పంపేస్తారు, ఆ ముద్ర తర్వాతి వీసాలన్నిటినీ చెడగొడుతుంది. పని చేయాలనుంటే దానికి తగిన వీసా తీసుకో. ఆస్ట్రేలియా 2024 నుంచి మన దేశపు యువతకు ఏడాదిపాటు ఉండి పనిచేసుకునే వీసా ఇస్తోంది. 18 నుంచి 30 ఏళ్ల వారికే, ఏడాదికి 1,000 మందిని లాటరీలో తీస్తారు. నీకు ఇరవై తొమ్మిది నిండాయి. చూడదలిస్తే ఈ ఏడాదే చూడు.

ఆరోగ్యం దగ్గర నన్ను ఆపవద్దు. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకో. సర్టిఫికెట్ పదో రోజు నుంచి చెల్లుతుంది, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా ఆఫ్రికాలోనో దక్షిణ అమెరికాలోనో ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి వస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్న రోజున ఆ ఆరు రోజులు ఎలా ఉంటాయో ఆలోచించు. రేబిస్ టీకా కూడా ముందే వేయించుకో. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది, కోతులు, కుక్కలు రెండూ మీదికొస్తాయి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లు. ఆఫ్రికాలో జ్వరమొస్తే అది మలేరియా కాదని పరీక్షలో తేలేదాకా మలేరియాయే అనుకో. మరునాటికి వాయిదా వేయకు. తిరిగి వచ్చిన కొన్ని నెలలకు జ్వరమొచ్చినా ఎక్కడ తిరిగావో డాక్టరుకు చెప్పు. మందులు అట్టపెట్టెల్లోనే, చీటీతో సహా పెట్టుకో. మన దగ్గర డాక్టరు చీటీ మీద దొరికే కోడీన్ దగ్గు మందు, నొప్పికి వాడే ట్రమడాల్ మాత్రలు ముందుగా అనుమతి లేకుండా తీసుకెళ్తే దుబాయిలో నేరం కింద లెక్క. మీ అమ్మ కూర పొడిలో గసగసాలు వేసి కట్టిస్తుంది, అవీ అక్కడ నిషిద్ధమే. మన లైసెన్సు చెల్లని దేశంలో మోటారు సైకిల్ నడిపి పడితే బీమా డబ్బు రాదు. చాలా ప్రయాణ బీమాలు 180 రోజుల దగ్గర ఆగిపోతాయి, పొడిగింపు షరతులు ఇక్కడుండగానే చదువు.

2020 మార్చిలో మన దేశం విమానాలు ఆపేసినప్పుడు బయట చిక్కుకున్నవాళ్లను పెద్ద ఎత్తున తీసుకురావడం మే 7న గాని మొదలుకాలేదు. అలాంటిది మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు. మూడు నెలలు ఒకచోట ఆగినా సరిపడే డబ్బు, నెల రోజుల మందులు ఎప్పుడూ నీ దగ్గర ఉండాలి.

రెండో శనివారం వీలు చూసుకుని ఏలూరు రా. టీకాల పట్టిక నేను రాసి ఉంచుతాను, మందుల పెట్టె ఇద్దరం కలిసి సర్దుదాం. ఆ సాయంత్రం మీ ఇంటికి వస్తాను, అమ్మానాన్నలతో కూర్చుందాం. ఒప్పందం మాట నేను ఎత్తను, నువ్వే ఎత్తాలి. తాతయ్య ఉత్తరాల సంగతి నీకు చెప్పానని మీ అమ్మకు ముందుగానే చెప్పి ఉంచుతాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్తే నువ్వూ వెనకే వెళ్లు.

ప్రేమతో,
పెద్దమ్మ