పాలిషర్ వాడాక బానెట్ మీద కొత్త గీతలు: సమాధానం

మీ కారు బానెట్‌కి మొదటిసారి పాలిషర్ (పెయింట్‌కి మెరుగుపెట్టే మెషీన్) పెట్టగానే సన్నటి గీతలు పడ్డాయన్నారు. తప్పు మెషీన్‌ది కాకపోవచ్చు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ దగ్గరి గాజువాకలో కారు బయటే ఉంటుందంటే, పెయింట్‌కి దుమ్ము, ఇనుప రజను పట్టేసి ఉంటాయి. షాంపూతో పూర్తిగా పోవు. పాలిషర్ ప్యాడ్ కింద గరుకు కాగితంలా గీస్తాయి.

చాలామంది వదిలేసేది క్లే బార్, అంటే పెయింట్‌కి పట్టేసిన మురికిని లాగేసే మెత్తటి ముద్ద. కారు కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి బానెట్ నిమరండి. ఇసుకలా తగిలిందా? క్లే లూబ్రికెంట్ (క్లే జారడానికి వాడే ద్రవం) చల్లి, గాజులా జారేదాకా క్లేతో మెల్లగా రుద్దండి. క్లే నేలమీద పడితే పారేయండి, దయచేసి మళ్లీ వాడొద్దు.

ఆ తర్వాత:
1. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.
2. అంచులకు మాస్కింగ్ టేప్. అక్కడ పెయింట్ పల్చన.
3. మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ (సన్నటి గీతలు తీసే, గరుకు తక్కువ పాలిష్). ప్యాడ్ ఆనించాకే స్విచ్ వేయండి.
4. ముందు రెండడుగుల చదరంలోనే చేసి, టార్చ్ వేసి చూడండి. గీతలు పోతేనే మిగతాది.