పాత 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ మోటారుకి ఏ అప్‌గ్రేడ్లు నిజంగా పనికొస్తాయి?

మీరు అడిగింది ఇదీ కదా: ఉప్పాడ వైపు వేటకెళ్ళే ఫైబర్ బోటు, దానికి వెనక బయట తగిలించే (అవుట్‌బోర్డ్) పాత 9.9 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ మోటారు. వేట నిషేధం ఉన్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు దీనికే ఏమైనా చేయించాలా, లేక కొత్త ఫీచర్లున్న మోటారు కొనేయాలా అని. మాకూ కాకినాడ దగ్గర ఫైబర్ బోట్లున్నాయి, వాటి మోటార్ల పనంతా నేనే చూసుకుంటాను. నన్నడిగితే డబ్బు ముందు పెట్రోలు వచ్చే దారి మీద పెట్టండి, తర్వాత ప్రొపెల్లర్ మీద. మిగతా హంగులు తర్వాత చూసుకోవచ్చు.

పెట్రోలు సంగతి ఎందుకంటే, ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్. చాలా అవుట్‌బోర్డ్ మాన్యువల్స్‌లో 10 శాతం దాటొద్దని రాసి ఉంటుంది. కారుకైతే ఎలాగోలా నడిచిపోతుంది గానీ సముద్రం గాలిలో ఉండే ట్యాంకు కథ వేరు. ఇథనాల్ తేమని లాక్కుంటుంది. నీళ్ళు ఒక హద్దు దాటాయంటే ఇథనాల్, నీళ్ళు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. మోటారు లాగేది ఆ అడుగు నుంచే. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోసే టూ స్ట్రోక్ మోటారు ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ప్రమాదం. ఆయిలు పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది, కింద విడిపోయిన నీళ్ళలో ఉండదు. పిస్టన్ పట్టేయడానికి అంతకంటే ఏం కావాలి?

అందుకే మా బోట్లన్నిటికీ ట్యాంకుకీ చేత్తో నొక్కే పంపు బల్బుకీ మధ్య నీళ్ళు వేరు చేసే 10 మైక్రాన్ ఫిల్టర్ పెట్టించాను. కింద గిన్నె అద్దంలా కనిపించేది తీసుకోండి, నీళ్ళు దిగితే అక్కడే తెలిసిపోతుంది. దాంతో పాటే పాత రబ్బరు పైపు, బల్బు తీసేసి ఇథనాల్ తట్టుకునేవి వేయించండి. పాత రబ్బరు లోపల మెత్తబడి పొరలు పొరలుగా ఊడి కార్బురేటర్‌లోకి పోతుంది. ఇది వేశాక మా దగ్గర నడి సముద్రంలో ఇంజిన్ ఆగిపోయే టెన్షన్ చాలావరకు తగ్గింది. నిషేధంలో మోటారు పక్కన పెట్టేముందు కార్బురేటర్ అడుగు స్క్రూ విప్పి అందులో ఉన్న పెట్రోలంతా బయటికి వదిలేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక ప్రొపెల్లర్. ముందు ఒక చిన్న ఆర్‌పీఎం మీటరు కొనండి. స్పార్క్ ప్లగ్ వైరుకి చుట్టే రకం చాలు, ఎన్ని గంటలు నడిచిందో కూడా అదే చూపిస్తుంది. రోజూ వేసే బరువుతోనే, అంటే వల, ఐసు, మనుషులు అందరితో, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి చూడండి. యమహా 9.9 లాంటి వాటికి 5000 నుంచి 6000 మధ్య రావాలి. 4500 దగ్గరే ఆగిపోతోందంటే ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకి అది లెక్క ప్రకారం ముందుకెళ్ళే దూరం) ఎక్కువైందని, మోటారు లాగలేక రొప్పుతోందని. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఖాళీ బోటు స్పీడు చూసి పిచ్ ఎంచుకునేవాళ్ళున్నారు, మన పనికి అది పనికిరాదు. మా బోట్లో పిచ్ తగ్గించాక స్పీడు పెద్దగా పెరగలేదు గానీ, చేపలతో తిరిగొచ్చేటప్పుడు అలలెక్కడం తేలికైంది, పెట్రోలూ కాస్త తగ్గింది.

ప్రొపెల్లర్ విప్పినప్పుడల్లా షాఫ్ట్ దగ్గర వల దారం చుట్టుకుందేమో చూడండి. సన్న నైలాన్ దారం లోపలికి వెళ్ళి సీలు కోసేస్తుంది, ఉప్పునీళ్ళు గేర్ ఆయిల్లో కలుస్తాయి. ఆయిలు పాలలా తెల్లగా మారిందంటే సీలు పోయినట్టే. ప్రొపెల్లర్ చుట్టూ రింగులాంటి గార్డు వేస్తే వల పడదని కొందరు అంటారు. నేనైతే వేయను, అది నీళ్ళని అడ్డుకుని ఉన్న స్పీడూ పోగొడుతుంది.

కొత్త మోటార్లలో నాకు నిజంగా నచ్చింది బ్యాటరీ అక్కర్లేని ఫ్యూయల్ ఇంజెక్షన్. సుజుకి డీఎఫ్9.9బీ లాంటి వాటిలో తాడు లాగితే పుట్టే కరెంటుతోనే పంపు, కంప్యూటరు నడుస్తాయి. చోక్ లాగే పని లేదు, పొద్దున్నే ఒకటి రెండు లాగుళ్ళకే అందుకుంటుంది. కార్బురేటర్ లేదు కాబట్టి జెట్లు మూసుకుపోయే బాధా లేదు. కానీ దానికి పెట్రోలు ఇంకా శుభ్రంగా ఉండాలి, ఏదైనా పాడైతే గట్టు మీద స్పానరుతో బాగయ్యేది కాదు. మీకు దగ్గర్లో సర్వీసు ఉందో లేదో కనుక్కున్నాకే కొనండి.

బరువైన బోటయితే హై థ్రస్ట్ రకం కూడా చూడండి. యమహా ఎఫ్9.9 గేర్ నిష్పత్తి, అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరిగే చుట్లు, 2.08 అయితే టీ9.9 ది 2.92. పెద్ద ప్రొపెల్లర్‌ని నెమ్మదిగా, బలంగా తిప్పుతుంది. పవర్ టిల్ట్, ఫోన్‌కి కలిసే డిస్‌ప్లేలు మన ఇసుక గట్టుకి దండగ. ఎలక్ట్రిక్ మోటార్ల గురించి కూడా అడిగారు. మెర్క్యురీ ఏవేటర్ 7.5ఈ ఇచ్చేది 750 వాట్లు, బ్యాటరీ ఒక కిలోవాట్ అవర్. 9.9 హెచ్‌పీ అంటే దాదాపు 7400 వాట్లండీ. కొల్లేట్లో చిన్న పడవకి సరిపోతుందేమో, అలలు దాటడానికి కాదు.

ఇంకొకటి, కిల్ స్విచ్ తాడు, అంటే నడిపేవాడు పడిపోతే క్లిప్పు ఊడి ఇంజిన్ని ఆపేసేది. మీ మోటారుకి ఉండే ఉంటుంది, ఎక్కడో మూలన పడేసి ఉంటారు. అది లేకుండా అలలు దాటేటప్పుడు నడిపేవాడు పడిపోతే బోటు గుండ్రంగా తిరిగి వాడి మీదకే వస్తుంది. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు బోట్లకి ఇది తగిలించుకోవాలని చట్టమే తెచ్చారు. మన దగ్గర ఎవరూ అడగరు. ఆ తాడు కాలికో నడుముకో కట్టుకోండి, ఇంకో క్లిప్పు బోట్లో ఉంచండి, లేకపోతే మిగిలినవాళ్ళు ఇంజిన్ మళ్ళీ స్టార్ట్ చేయలేరు.

ఫ్లషింగ్‌కి గట్టు మీద పంపు లేకపోతే డ్రమ్ములో మంచినీళ్ళు పోసి, ప్రొపెల్లర్ పైన ఉండే పలక మునిగేలా పెట్టి ఇంజిన్ వేడెక్కేదాకా నడపండి. వేడెక్కితేనే థర్మోస్టాట్ తెరుచుకుని లోపలి ఉప్పు పోతుంది. డ్రమ్ములో గేర్ మాత్రం వేయొద్దు. మోటారుకి బదులు తనే తుప్పు పట్టి అరిగే జింకు ముక్క సగం అయిపోతే మార్చేయండి, దాని మీద రంగు వేయొద్దు.

కొత్తది కొనాలనే అనుకుంటే ముందు బోటు వెనక పలక ఎత్తు కొలవండి. షాఫ్టులు 15, 20, 25 అంగుళాల్లో వస్తాయి. మీ కొలత, మోటారు మోడల్ ఇక్కడ పెడితే ఏ పిచ్ ప్రొపెల్లర్ వేయాలో చెప్తాను.