బాబుకు ఇంట్లోనే నేర్పడం గురించి పెద్దమ్మ ఉత్తరం

చి. సౌ. సుజాతకు పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. బాబుకు నాలుగేళ్లు నిండినా మాటలు రాలేదనీ, బొమ్మ కారును బోర్లా పెట్టుకుని గంటల తరబడి చక్రాలే తిప్పుతున్నాడనీ, ఆ అలవాటు ఎలా మాన్పించాలనీ అడిగావు. ఆటిజం ఉన్న పిల్లలకు ముప్పై ఏళ్లు చదువు చెప్పినదాన్ని కనుక గట్టిగానే చెబుతున్నాను: మాన్పించవద్దు. నువ్వూ ఒక కారు తీసుకుని వాడి పక్కన నేల మీద కూర్చుని చక్రం తిప్పు. వాడి చూపు నీ చేతి మీద పడగానే ఆపి, కాస్త ఆగి, "తిప్పు" అని మళ్లీ తిప్పు. కొన్నాళ్లకు వాడే నీ చెయ్యి పట్టి చక్రం మీదికి లాగవచ్చు. అది అడగడమే కనుక వెంటనే తిప్పాలి. నా దగ్గర చదువుకున్న ఒక పాప మొదట పలికిన మాట "మూత". సబ్బు బుడగలు ఊదే సీసా మూతను, పాప అడిగేదాకా తియ్యకుండా మేము రోజూ ఆగేవాళ్లం. ఆ మాట విని వాళ్ల అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

మీ ఇంటి గ్లాసు, అన్నం పళ్లెం, బకెట్టు ఫోటోలు తీసి అట్టలకు అతికించు. వాడు గ్లాసు ఫోటో ఉన్న అట్ట నీ చేతిలో పెడితే నీళ్లు ఇవ్వాలి. మొదట్లో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి: ఒకరు ఎదుట కూర్చుని అట్ట అందుకోవాలి, మరొకరు వెనుక నుంచి, నోరు మెదపకుండా, వాడి చేతిని నడిపించాలి. ఇది 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పద్ధతి. అట్టలకు అలవాటుపడితే ఇక మాట్లాడడని మీ అత్తగారు భయపడనక్కరలేదు. అడిగితే దొరుకుతుందని తెలిసిన పిల్లవాడికే అడగాలనిపిస్తుంది.

చొక్కా తొడిగేటప్పుడు అన్ని గుండీలూ నువ్వు పెట్టి చివరిది వాడికి వదులు. అది వచ్చాక చివరి రెండూ. పచ్చి బఠానీలు వలిచేటప్పుడు ఒక కాయ నువ్వు, ఒక కాయ వాడు. వేళ్లకు బలం వస్తుంది, వంతు కోసం ఆగడమూ అలవడుతుంది. గింజలు నోట్లో వేసుకునే ప్రమాదం ఉంది కనుక పక్క నుంచి లేవకు. మిక్సీ వేసే ముందు వాడికి చూపించి, చెప్పి మరీ వెయ్యి. ఆ చప్పుడు వాడికి నిజంగానే బాధ.

వినికిడి పరీక్ష చేయించకపోతే ఈ వారమే చేయించు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థకు ఒకసారి తీసుకువెళదాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి ధ్రువపత్రం పని కూడా మొదలుపెట్టండి. అందాకా వాడు ఏ పని ఎంతసేపు చేశాడో, దేనికి చెవులు మూసుకున్నాడో రోజూ నోటు పుస్తకంలో రాసి ఉంచు. వచ్చేటప్పుడు ఆ పుస్తకం, ఆ కారు రెండూ తీసుకురా.

ఇట్లు,
పెద్దమ్మ