మొదటి సైకిల్ కంప్యూటర్‌కి ఎంత పెట్టాలి తమ్ముడూ

బొబ్బిలి నుంచి హాంబర్గ్ వచ్చి ఆర్నెల్లైనా కాని తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, సైకిల్ ప్రాక్టీసు గట్టిగా మొదలెట్టాను. మూడొందల యూరోల కంప్యూటర్ కొనీమంటావా?"

వద్దు నాన్నా. హ్యాండిల్ మీద బిగించి వేగం, దూరం చూసుకునే ఆ చిన్న పెట్టెకి అందులో సగం కూడా అక్కర్లేదు. ఆ ఖరీదంతా రంగుల మ్యాపుకీ, టచ్ తెరకీ. చలికాలం గ్లౌజులతో టచ్ తెర సతాయిస్తుంది. బటన్లున్నదే తీసుకో. దారి తెలియకపోతే జేబులో ఫోనుంది కదా.

మరీ చవకని చక్రానికి అయస్కాంతం కట్టే వైరు మీటరూ వద్దు. నేను మొదట కొన్నది అదే. అది చక్రం చుట్లు లెక్కపెట్టి, మనం ఎక్కించిన చుట్టుకొలతతో దూరం కడుతుంది. నాది 26 అంగుళాల చక్రం, చుట్టుకొలత 2050 మిల్లీమీటర్లు. పుస్తకంలో పక్క వరుస చూసి 2180 ఎక్కించాను. తెర మీద యాభై కిలోమీటర్లు పడితే నిజానికి తొక్కింది నలభై ఏడు. రెండు నెలలు సంబరపడ్డాక, టైరు మీద చాక్‌పీసుతో గీత గీసి, ఒక్క చుట్టు దొర్లించి టేపుతో కొలిస్తే తెలిసింది. జీపీఎస్ ఉన్నదానికి ఈ బాధ లేదు.

అసలు వేగాన్ని నమ్ముకుని ప్రాక్టీసు చెయ్యకూడదు. మా శ్రీకాకుళం నుంచి కళింగపట్నం తొక్కేవాళ్లం. సాయంత్రం సముద్రపు గాలి ఎదురు కొడితే ప్రాణం పోయేలా తొక్కినా బండి కదిలేది కాదు. అదే గాలి వెనక నుంచి తోస్తే, తిరుగుదారిలో ఊరికే వచ్చేసేవాళ్లం. ఈ రెండింట్లో ఎప్పుడు కష్టపడ్డావో చెప్పేది గుండె. హాంబర్గ్‌లోనూ గాలికేం తక్కువ లేదు.

అందుకని ఛాతీకి కట్టుకునే హార్ట్‌రేట్ పట్టీకి ముందు డబ్బులు తీసిపెట్టు. మిగిలినదాంతో ఐజీపీస్పోర్ట్ బీఎస్‌సీ 100ఎస్ లాంటి చిన్న జీపీఎస్ కొనుక్కో. ఏది కొన్నా, సెన్సార్లు వైరు లేకుండా కలిసే యాంట్ ప్లస్, బ్లూటూత్ రెండూ ఉండాలి. రేపు పెడల్ చుట్లు లెక్కపెట్టే సెన్సార్ కొన్నా దానికే కలుస్తుంది. కొత్తవాళ్లు బరువు గేరేసి నిమిషానికి అరవై చుట్లు తిప్పి మోకాళ్లు పాడుచేసుకుంటారు. ఎనభై దాటేలా గేరు తగ్గించు. తెర మీద సమయం, గుండె, చుట్లు, ఈ మూడే పెట్టు. మొదటి నెలల్లో ఎక్కువ భాగం పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగానే తొక్కాలి. అప్పుడు గుండె ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకో, అదే నీ హద్దు.

ఇండియా నుంచి ఎవరిచేతో తెప్పించుకోకు. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కివ్వొచ్చు, సరుకులో లోపముంటే రెండేళ్ల వరకు అమ్మినవాడిదే బాధ్యత. దుకాణంలో కొన్నదానికి ఆ 14 రోజుల హక్కు లేదు, ముందే అడుగు.

పట్టీ కట్టుకునేముందు లోపలి నల్లటి భాగం నీళ్లతో తడుపు. పొడిగా కడితే మొదటి పది నిమిషాలు ఊరికే 180 చూపించి కంగారుపెడుతుంది. నా దగ్గర పాత పట్టీ ఒకటుంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. దాంతో నెల తొక్కాకే కొత్తది ఆర్డర్ పెట్టు.