బ్రాంచులు వెల్డ్ చేశాక హెడర్ వంగకుండా ఉండాలంటే

మామిడి గుజ్జు యూనిట్ కోసం చేస్తున్న స్టెయిన్‌లెస్ స్టీల్ హెడర్‌కు (ప్రధాన పైపుకు) ఒకే వరసలో మూడు బ్రాంచులు (పక్క పైపులు) వెల్డ్ చేస్తే పైపు వంగిపోతోందనీ, చివరి ఫ్లాంజ్ (పైపులను బోల్టులతో కలిపే చక్రం) బోల్టు రంధ్రాలు కలవడం లేదనీ, ఇంకా గట్టి క్లాంపులు కొనాలా అనీ చిత్తూరు నుంచి అడిగారు. రేణిగుంట వైపు షెడ్లలో ఇలాంటి హెడర్లు చాలా చేశాను కాబట్టి చెబుతున్నాను: క్లాంపుల కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. ముందు ఫిటప్ చూడండి, అంటే వెల్డింగ్‌కు ముందు ముక్కలు ఒకదానికొకటి ఎలా కుదిరాయో చూడండి.

కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. బ్రాంచులన్నీ ఒకే పక్కన ఉంటే లాగుడంతా ఆ పక్కనే పడి, హెడర్ రెండు చివరలూ బ్రాంచుల వైపు లేస్తాయి. క్లాంపు దాన్ని కొంత ఆపుతుంది గానీ పూర్తిగా పోగొట్టదు, విప్పగానే మిగిలిన వంపు బయటపడుతుంది. పైగా 304 రకం స్టెయిన్‌లెస్ మామూలు ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. వేడిని పక్కకు పంపే శక్తి మాత్రం ఇనుముతో పోలిస్తే మూడో వంతే. వేడంతా జాయింటు దగ్గరే నిలిచిపోతుంది.

అందుకే అక్కడ పడే లోహాన్ని తగ్గించడమే అసలు పని. ప్లాస్మా కటర్‌తో హెడర్‌కు రంధ్రం అడ్డదిడ్డంగా కోసి, ఒకచోట 2 మిల్లీమీటర్లు, ఇంకోచోట 5 మిల్లీమీటర్లు గ్యాప్ వదిలితే వెడల్పున్న చోట లోహం ఎక్కువ పడుతుంది, బ్రాంచి అటే వాలుతుంది. నేను బ్రాంచిని నిలబెట్టి, హెడర్ లోపల టార్చిలైటు పెట్టి బయటి నుంచి చూస్తాను. చుట్టూ ఒకే మందంలో వెలుగు గీత కనిపించాలి. ఎక్కడైనా లావుగా కనిపిస్తే విప్పి, గ్రైండర్‌తో అంచులు సరిచేసి మళ్లీ నిలబెడతాను. ఫిల్లర్ తీగతో నింపేద్దామంటే ఒప్పుకోను.

ట్యాకులు (ముక్క కదలకుండా వేసే చిన్న వెల్డు చుక్కలు) నాలుగు, ఎదురెదురుగా. రూట్ (జాయింటు అడుగున వేసే మొదటి వెల్డు వరస) కూడా గుండ్రంగా ఒకే ఊపులో తిప్పకుండా పావు వంతు వేసి, దాని ఎదుటి పావుకు వెళ్లండి. ఒక బ్రాంచికి రూట్ వేశాక అది చల్లారేలోగా రెండోదానికి మారండి. మధ్య బ్రాంచితో మొదలుపెట్టడం నాకు బాగా కుదిరింది. వెల్డింగ్ టార్చిని అటూ ఇటూ ఊపుతూ వెడల్పు పూస (వెల్డు గీత) వేయవద్దు, సన్నని పూసలు చాలు. టెంపరేచర్ చాక్‌తో (నిర్ణీత వేడి దగ్గర కరిగే సుద్దతో) చూసి, 150 డిగ్రీల లోపుకు దిగాకే తర్వాతి పాస్ (వెల్డు వరస) వేయండి.

ఒకే రకం హెడర్లు రెండు ఉంటే ఇంకా మంచి పద్ధతి ఉంది. బ్రాంచులు బయటికి ఉండేలా వీపులు కలిపి పెట్టి, పొడవు మధ్యలో ప్యాకింగ్ ముక్క (ఎడం కోసం పెట్టే దిమ్మ) ఉంచి, రెండు చివరలనూ దగ్గరికి బిగించండి. ముందే ఎదురు వంపు ఇచ్చినట్టవుతుంది. రెండింటినీ మార్చి మార్చి వెల్డ్ చేసి, పూర్తిగా చల్లారాకే విప్పండి. ప్యాకింగ్ మందం పైపు సైజును బట్టి మారుతుంది కాబట్టి మొదటి జత విప్పాక దారం లాగి వంపు కొలిచి, తర్వాతి జతకు సవరించుకోండి. చివరి ఫ్లాంజ్‌ను మాత్రం బ్రాంచులన్నీ అయ్యాకే, ఎదుటి ఫ్లాంజ్‌కు బోల్టులతో బిగించి ట్యాక్ చేయాలి.

ఇప్పటికే వంగిన పైపును మంటతో సరిచేయమని ఎవరైనా చెబుతారు. మామూలు ఇనుముకైతే ఉబ్బిన వైపు వేడిచేసి సరిచేయవచ్చు. 304ను మాత్రం 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచితే క్రోమియం కార్బైడ్ ఏర్పడి, ఆ చోట తుప్పును తట్టుకునే గుణం తగ్గుతుంది. మామిడి గుజ్జు పులుపు పదార్థం, కాబట్టి దయచేసి ఆ పని చేయకండి. వంపు కొద్దిగానే ఉంటే ఫ్లాంజ్ కోసి, కొత్త కొలతతో మళ్లీ కూర్చోబెట్టండి.

కొలతలు ఎండ ఎక్కకముందే తీసుకోండి. ఆరు మీటర్ల స్టెయిన్‌లెస్ పైపు 30 డిగ్రీలు వేడెక్కితేనే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, ఎండ ఒకే పక్క పడితే వంపు కూడా చూపిస్తుంది. పైపు సైజు, గోడ మందం రాస్తే ప్యాకింగ్ ఎంత మందంతో మొదలుపెట్టాలో చెబుతాను.