ఎన్నారై సందేహాలు: లైబ్రరీలో ‘పేరెంట్స్’ అర ఖాళీగా ఉందేమిటి?

ప్రశ్న: అమెరికా వచ్చి రెండు నెలలైంది. బాబుని తీసుకుని రోజూ లైబ్రరీకి వెళ్తున్నాను. ‘పేరెంట్స్’ పత్రిక చదువుదామంటే పేరు చీటీ ఉంది, పత్రిక లేదు. కొనడం మానేశారా?

జవాబు: మానేసింది లైబ్రరీ కాదమ్మా, అచ్చు వేసేవాళ్లే. 2022 ఫిబ్రవరిలో డాట్‌డాష్ మెరెడిత్ కంపెనీ ఆరు పత్రికలకు ఒకేసారి అచ్చు ఆపేసింది. పేరెంట్స్, ఈటింగ్‌వెల్, హెల్త్, ఇన్‌స్టైల్ అన్నీ అందులోవే. 1926లో మొదలైన పత్రిక అలా వెబ్‌సైట్‌గా మిగిలింది. వెబ్‌సైట్‌ని లైబ్రరీ అరువివ్వలేదు కదా! చీటీ తీసేయడం మర్చిపోయి ఉంటారు. ఆ ఏటవాలు అర పైకెత్తి చూడండి. చాలా చోట్ల పాత సంచికలు దాని కిందే పెడతారు.

నెలనెలా సంచికగా వచ్చే పత్రికలైతే లిబ్బీ యాప్‌లో వేలల్లో ఉన్నాయి. లైబ్రరీ పుస్తకాలు, పత్రికలు ఫోన్‌లోనే అరువు తెచ్చుకునే యాప్ అది. లైబ్రరీ కార్డు నంబరు కొడితే చాలు, పైసా ఖర్చు లేదు. ఈ-పుస్తకాలకు వారాల తరబడి వెయిటింగ్ ఉంటుంది గానీ పత్రికలకు ఉండదు. ఒకే సంచికని ఊరంతా ఒకేసారి చదవొచ్చు. మీ పుస్తకాల లెక్కలోకీ రాదు. ఫోన్‌లో పేజీని లాగి లాగి చదవకండి, కళ్లు పోతాయి. వ్యాసాన్ని అక్షరాలుగా చూపించే పద్ధతి ఉంది, అది నొక్కి సైజు పెంచుకోండి. కిండిల్‌లోకి మాత్రం పంపలేం.

ఒక్క జాగ్రత్త. కాగితం సంచిక లైబ్రరీ సొంతం, యాప్‌లోది అద్దె ఇల్లు. ఒప్పందం అయిపోతే పాత సంచికలతో సహా ఖాళీ చేసేస్తారు. నేను ఒక వంటల పత్రికలో గుడ్డు లేని కేకు కొలతలు చూసి, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. పిల్లదాని పుట్టినరోజు ముందురోజు వెతికితే పత్రికే లేదు! అప్పటినుంచి పనికొచ్చేది కనబడితే వెంటనే నోట్‌బుక్‌లో రాసేసుకుంటున్నాను.

కార్డు ఇంకా తీసుకోకపోతే పాస్‌పోర్టు, అపార్ట్‌మెంట్ లీజు పట్టుకెళ్లండి. చాలా లైబ్రరీల్లో అవే సరిపోతాయి. డ్రైవింగ్ లైసెన్స్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. కౌంటర్‌లో అడగడానికి మొహమాటపడకండి. ఫలానా పత్రిక కావాలని రాసివ్వడానికి ఫారం ఉంటుంది. నేనిచ్చిన మూడింటిలో ఒకటి తెప్పించారు.