పాప ఉపగ్రహాలంటోంది, మీరు సీఎస్‌ఈ అంటున్నారు

ప్రశ్న: మాది తిరుపతి. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. వాతావరణ ఉపగ్రహాల మీద పని చేస్తానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీలో స్పేస్ టెక్నాలజీ బీటెక్ ఉందంట. అందులో చేర్చాలా, సీఎస్‌ఈ మేలా? రేపు ఉద్యోగం రాకపోతే ఎట్లా?

జవాబు: మీ భయమంతా ఆఖరి మాటలో ఉంది. ఈసీఈగానీ ఫిజిక్స్‌గానీ గట్టిగా చదివిన పిల్ల ఇస్రోలో రాలేదని ఖాళీగా కూర్చోదు. సీఎస్‌ఈ కూడా చెడ్డదేం కాదు, ఉపగ్రహ చిత్రాలను సరిచేసే ప్రోగ్రాములు రాసేవాళ్లూ కావాలి. నా అనుమానమంతా 'స్పేస్' అనే బోర్డు మీదే.

ఆ పని ఎట్లాంటిదో చూడండి. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి పోయిన వాతావరణ ఉపగ్రహం ఇన్శాట్-3డీఎస్ 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ మనల్నే చూస్తుంటుంది. దాని కెమెరా, అంటే ఇమేజర్‌కు ఆరు ఛానెళ్లు, ఒక్కోటి ఒక్కో రకం కిరణాల్లో చూస్తుంది. మామూలు వెలుతురులో తీసే విజిబుల్ చిత్రం పగలే పనికొస్తుంది. రాత్రయితే వేడి కిరణాల్ని పట్టే ఇన్‌ఫ్రారెడ్డే దిక్కు, అది చెప్పేది మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందో అంతే. పలచటి సిర్రస్ మేఘమూ ఎత్తులో ఉంటుంది కాబట్టి చల్లగా, తెల్లగా పడుతుంది. దాన్ని వానమేఘం అనుకుంటే అంచనా తప్పినట్టే.

ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌ను బాగా చల్లగా ఉంచాలి, లేకుంటే దాని వేడే చిత్రాన్ని చెడగొడుతుంది. 2018లో అమెరికా వాతావరణ ఉపగ్రహం గోస్-17లో వేడిని బయటికి పంపే లూప్ హీట్ పైపు సరిగా పనిచేయలేదు. ఏడాదిలో కొన్ని వారాలు రాత్రిపూట కొన్ని ఛానెళ్లు పనికిరాకుండా పోయేవి. గోస్‌లు సూర్యుడి ఎక్స్‌రేలు, ప్రోటాన్లు కూడా కొలుస్తాయి. సౌరజ్వాల ఎక్స్‌రే ఎనిమిది నిమిషాల్లో మనల్ని చేరుతుంది, సూర్యుడు విసిరే ప్లాస్మా (విద్యుదావేశ కణాల) మేఘానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ వ్యవధిలోనే హెచ్చరిక ఇవ్వాలి. ఇదంతా ఫిజిక్స్, ఎలక్ట్రానిక్సే కదా! ఆ కాలేజీ సిలబస్ తెప్పించండి. హీట్ ట్రాన్స్‌ఫర్, ఆప్టిక్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ ఎన్ని సెమిస్టర్లున్నాయో, ల్యాబ్‌లో ఏముందో అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఇంకోమాట, కోపం తెచ్చుకోవద్దు. చిత్తూరు పోయేటప్పుడల్లా గాదంకి దాటుతుంటారు. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఎన్‌ఏఆర్‌ఎల్‌లో 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో పైగాలులు కొలుస్తారు. బ్రోచర్లు తిరగేసే ముందు, అనుమతి అడిగి పాపను ఒక్కసారైనా తీసుకుపోవాలని తోచలేదా? అక్కడ రీసెర్చ్‌కు దారి ఎమ్మెస్సీ ఫిజిక్స్ లేదా వాతావరణ శాస్త్రం, పైన నెట్ లేదా గేట్. సైన్సు చదువులకు కేంద్ర సంస్థ ఐసర్ కూడా మీ ఊరికి దగ్గర్లోనే, ఏర్పేడు దగ్గర ఉంది.

ఈలోగా ఉపగ్రహ చిత్రాలు పెట్టే ఇస్రో మోస్‌డాక్ సైటులో ఒకే సమయానికి తీసిన విజిబుల్, ఇన్‌ఫ్రారెడ్ చిత్రాలు పక్కపక్కన పెట్టి, సిర్రస్ ఏదో పాపను పట్టమనండి. సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, అయిదున్నర గంటలు కలపాలి. 0600 అంటే మనకు పదకొండున్నర.